గాలోనికి ఇల్లు కావల్ల

నాలుగు మాటలు రాయి రెడ్డెప్పా అనింది నదీన్ మేడమ్.
మీ భాషోళ్ళు ఈ కువైట్‌లో శానామంది ఉండారు గదా,
ఎవురో ఒకరు చదవరా, ఎవురో ఒకరు రారా అనింది.

సరే, రాస్తాండా.

వయసు పదమూడు నెలలు.
డాక్టరు పండ్లు చూసి చెప్పిన లెక్క అది.
రంగు, ఈ కబ్ద్‌లో ఏది ఎగిరినా అదే రంగు, ఇసుక.
ఒక చెవి నిక్కబొడుచుకోని ఉంటాది, ఒకటి వాలిపోయి ఉంటాది.
ఒకదాంతో నా మాట వింటాడు,
రెండోదాంతో వినడు.

వఫ్రాలో టమేటా తోటల కాడ దొరికినాడు.
గ్రీన్‌హౌసు పట్టను పీకి పీలికలు చేసి
ఆ పీలికలే కప్పుకోని నిద్రపోతాంటే
తోటోళ్ళు తాడేసి తెచ్చి
రాత్రికి రాత్రి మా గేటుకు కట్టిపోయినారు.
తెల్లారి చూస్తే సగం తాడుంది,
కుక్క లేదు.
వెతికి వెతికి వస్తే
కంచె లోపల, మేత గది వాకిట్లో
ఆలస్యమెందుకయిందన్నట్టు కూర్చోనుండాడు.
తాడు కొరుక్కోని లోపలికి పారిపోయొచ్చినోణ్ణి
నా బతుకులో వీణ్ణొక్కణ్ణే చూసినా.

కాగితాల్లో పేరు సుల్తాను.
నేను పిలిచేది గాలోడని.
మా నాయన నన్ను తిట్టే తిట్టది.
ఇప్పుడు ఆ తిట్టును పిలిస్తే
తోకాడిచ్చుకుంటా ఉరుకొస్తాది.

శుక్రవారం కార్లొస్తాయి.
పోయిన నెల ఒకాయన, మంచాయనే,
ఇస్త్రీ మడత చెదరని తెల్ల దిష్‌దాషాలో వంగినాడు.
వీడు ఎగిరి ఎదమీద రెండు కాళ్ళూ ఆనిచ్చినాడు,
రిజిస్ట్రారాఫీసులో వేలిముద్రలేసినట్టు.
ఆయన నవ్వినాడు. దులుపుకున్నాడు.
పక్క గూట్లో ముసిలి లూలూను తీసకపోయినాడు.
ఏడు శుక్రవారాలయింది.
అందరూ అడిగేది ఒకటే, నెమ్మదైనది ఏదన్నా ఉందా?
ఉండాయి సార్.
వాటికి యాడో ఒక చోట బాగా తగిలుంటాది.
వీనికింకా తగల్లేదు, అంతే తేడా.

ఈ ఎండలో పగలు బయటికి తీస్తే పాదాలు బొబ్బలెక్కుతాయి.
అందుకని రాత్రి మూడుకు లేస్తాం, బాంగు కంటే ముందే.
ఒంటెల దొడ్ల పక్క మట్టిరోడ్డు మీద
వాడు ముందర, గొలుసు మధ్యలో, నా మోకాలి నొప్పి ఎనక.
పన్నెండేండ్లలో ఈ దేశంలో
నేను పరిగెత్తింది కంపెనీ బస్సు కోసమే.
ఊరికే పరిగెత్తచ్చని
వీడు చెప్పేదాకా నాకు తెలీదు.

లోపాలు కూడా రాయమనింది మేడమ్.
చెప్పులు దాస్తాడు. ఎడమవే.
ఇప్పటికి పదకొండు.
షఫీక్‌వి మూడు, డాక్టరుది ఒకటి, తక్కినవి నావి.
వాడికి కుడి చెప్పుతో ఏం పేచీయో నాకర్థం కాలా.
ఇది రాసేటప్పుడు గూడా
నా ఎడమకాలికి షఫీక్ బూటుంది.

ఫ్లాటోళ్ళు వద్దు.
రూముకు ఎనిమిదిమంది ఉండే అన్నలారా,
మీకు మనసుంటాది, జాగా ఉండదు, నాకు తెలుసు.
నా మంచం కింద నా పెట్టెకే చోటు చాల్లేదు,
లేకపోతే ఈ నాలుగు మాటలు
నేను రాసేవాణ్ణే కాదు.

తోటల్లో, గొర్ల మందల కాడ పని చేసేవాళ్ళు,
పెద్ద ప్రహరీ ఉండే విల్లాల డ్రైవర్లు,
వంటింట్లో ఉండే అక్కలు,
మీ బాబా సంతోషంగా ఉండే పూట చూసి అడగండి.
కాపలాకు పనికొస్తాదని చెప్పండి.
అబద్ధమే. దొంగొస్తే వానితో ఆడుకుంటాడు.
వచ్చినాక ఎట్లా ఇడిచిపెట్టరు లెండి.

ఇంత పొడుగా, అంటాంది మేడమ్ భుజం మీద నుంచి.
ఆమెకు మన అక్షరాలు రావు.
పిల్లోళ్ళతో బాగుంటాడని రాసినావా అని అడిగింది.
రాసినా అన్నా.
ఇప్పుడు రాస్తాండా, బాగుంటాడు.

సూదులన్నీ అయినాయి. డబ్బులేం కట్టబల్లేదు.
పొద్దు గూకినాక ఫోన్ చేయండి.
నేనెత్తకపోతే వాడు నన్ను యాడికో లాక్కపోయినాడనుకోండి,
మళ్ళా చేయండి.
ఏ రోజన్నా రాండి.
సోమవారం నాకు సెలవు.
సోమవారం మాత్రం రావద్దు.